పెటూనియాకు ఎరువు: ఎప్పుడు, ఎంత, ఎలా

పెటూనియా పెంచేవారు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. తెచ్చిన రోజున కుండీ నిండా పూలు. నెల తిరిగేసరికి కాడలు బారుగా సాగిపోతాయి, చిగురాకులు పసుపు పచ్చబడతాయి, కొమ్మల కొసల్లో నాలుగైదు పూలు మిగులుతాయి. ఇప్పుడు ఏ ఎరువు వేయాలి?

ఎరువు పేరు అడిగే ముందు రెండు సంగతులు తెలుసుకోవాలి. పెటూనియా తెరపి లేకుండా పూసే మొక్క. దానికి నెలకోసారి పెద్ద మోతాదు వేస్తే సరిపోదు. కొద్దికొద్దిగా, తరచుగా అందాలి. రెండోది, వేసిన ఎరువు వేరుకు అందాలంటే మట్టికి కాస్త ఆమ్లగుణం ఉండాలి. ఈ రెండో విషయాన్ని పట్టించుకునేవారు తక్కువ. మొక్కలు ఎక్కువగా దెబ్బతినేది దీనివల్లే కాబట్టి దాన్ని వివరంగా రాస్తున్నాను.

1. ఎరువు డబ్బా తెరిచే ముందు

కింది వాటిలో ఒక్కటి తేడాగా ఉన్నా ముందు దాన్ని సరిచేయండి. అప్పటిదాకా ఎరువు జోలికి వెళ్లవద్దు.

- మొక్కకు రోజూ కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగలాలి. నీడలో ఉన్న మొక్కకు ఎరువు వేస్తే కాడ సాగుతుందే తప్ప మొగ్గ రాదు.
- కుండీ అడుగు రంధ్రాల నుంచి నీరు ధారాళంగా బయటకు రావాలి.
- మట్టి పైపొర ఆరాకే నీరు పోస్తున్నారా? ఎప్పుడూ చిత్తడిగా ఉండే మట్టిలో వేళ్లకు గాలి ఆడదు. అప్పుడు కూడా ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, చూడటానికి ఆకలితో ఉన్న మొక్కలాగే ఉంటుంది.
- చిన్న కుండీ అయితే మట్టి ముద్దను మెల్లగా బయటకు తీసి వేళ్లు చూడండి. తెల్లగా, గట్టిగా ఉంటే మొక్క తినగలదు. గోధుమ రంగుకు తిరిగి, చేత్తో నొక్కితే మెత్తగా జారిపోతే అది కుళ్లు.
- మొగ్గల మీద చిన్న గుండ్రటి రంధ్రాలు, ఆకుల మీద నల్లటి రెట్ట గింజలు కనిపిస్తే అది మొగ్గ తొలిచే పురుగు పని. పూలు తగ్గడానికి ఎరువు కారణం కాకపోవచ్చు.

పగటి పొడవు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పగళ్లు పొడవుగా ఉన్న కాలంలో పెటూనియా త్వరగా పూతకు వస్తుంది. పగటి సమయం తక్కువగా ఉన్న రోజుల్లో పూత ఆలస్యమైతే కంగారుపడి మోతాదు పెంచవద్దు.

2. మట్టి మిశ్రమం

మట్టి ఆమ్లగుణాన్ని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. పెటూనియాకు మట్టి పీహెచ్ 5.5 నుంచి 6.2 మధ్య ఉంటే బాగా సరిపోతుంది. 6.5 దాటితే మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. ఈ విషయంలో ఇది చాలా పూల మొక్కల కన్నా సున్నితమైనది.

కుండీల్లో తోటమట్టి ఒక్కటే నింపితే నాలుగు తడులకే గట్టిపడుతుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) లేదా పీట్ మాస్ (ఎండిన నాచు పొడి) సగానికి పైగా, బాగా మాగిన కంపోస్టు ఐదో వంతు, మిగతాది పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి పలుకులు) లేదా ముతక ఇసుక కలిపితే మిశ్రమం గుల్లగా ఉంటుంది, పదును నిలుస్తుంది. కంపోస్టు ఇంతకన్నా ఎక్కువ కలపనక్కరలేదు. మరీ ఎక్కువైతే లవణాలు పెరుగుతాయి, నీరు కూడా నిలుస్తుంది.

కోకోపీట్ వాడేవారికి ఒక జాగ్రత్త. దానిలో సహజంగానే పొటాషియం, సోడియం ఎక్కువ. అది కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ తనవైపు పట్టి ఉంచుకుంటుంది. అందుకే ముందు రెండు మూడుసార్లు మంచినీటితో కడిగి, నీళ్లు పిండి వాడాలి. తరువాత కూడా కాల్షియం, మెగ్నీషియం ఉన్న ఎరువు అప్పుడప్పుడు ఇస్తుండాలి.

మట్టిలో బూడిద గానీ సున్నం గానీ కలపవద్దు. రెండూ పీహెచ్‌ను పెంచుతాయి. వేరే మొక్కలకు మేలు చేసిన బూడిద ఇక్కడ ఆకులను పాలిపోయేలా చేస్తుంది.

నాటేటప్పుడే నిదానంగా కరిగే పూత గుళికలు, అంటే పైన పెంకులా పూత పూసిన ఎరువు గుళికలు, కలిపితే పని తేలికవుతుంది. మోతాదు సంచి మీద ఉంటుంది. సాధారణంగా లీటరు మట్టికి 2 నుంచి 4 గ్రాములు. ఇవి వేడిని బట్టి కరుగుతాయి. సంచి మీద ‘3-4 నెలలు’ అని రాసి ఉంటే అది దాదాపు 21 డిగ్రీల సెల్సియస్ లెక్క. మట్టి అంతకన్నా వేడిగా ఉండే చోట గుళికలు ముందుగానే ఖాళీ అవుతాయి. గుళికను గోటితో నొక్కి చూడండి. లోపల గట్టి గింజ తగిలితే ఇంకా ఎరువు ఉన్నట్టు. నీళ్లు చిమ్మి పెంకు మాత్రమే మిగిలితే దాని పని దాదాపు అయిపోయినట్టే.

3. సంచి మీది మూడు అంకెలు

20:20:20 అంటే నత్రజని 20 శాతం, భాస్వరం 20 శాతం, పొటాష్ 20 శాతం. భాస్వరాన్నీ పొటాష్‌నూ వాటి ఆక్సైడ్ల రూపంలో లెక్కగడతారు. కుండీలో పెరిగే పెటూనియాకు 20:20:20, 19:19:19 లాంటి సమతుల ఎరువులు సరిపోతాయి. మధ్య అంకె తక్కువగా ఉన్న 15:5:15 లాంటిది దొరికితే నేను దానికే ఓటు వేస్తాను.

‘పూల కోసం’ అంటూ మధ్య అంకె బాగా పెంచి అమ్మే ఎరువులు పెటూనియాకు అవసరం లేదు. భాస్వరం కొరత లేని మొక్కకు అదనంగా భాస్వరం ఇస్తే పూలు పెరగవు. పైగా ఎక్కువైన భాస్వరం ఇనుము అందకుండా అడ్డుపడుతుంది. అసలే ఇనుము దగ్గర ఇబ్బందిపడే మొక్కకు ఇది మరో దెబ్బ.

డబ్బా కొనేముందు వెనుకవైపు చదవండి. ఇనుము, మాంగనీస్, జింక్, బోరాన్, రాగి, మాలిబ్డినం వంటి సూక్ష్మ పోషకాలు ఉన్నాయో లేదో చూడండి. నత్రజని ఎక్కువ భాగం నైట్రేట్ రూపంలో ఉంటే మొక్క గుబురుగా, పొట్టిగా పెరుగుతుంది. చలిగా ఉన్న రోజుల్లో యూరియా, అమ్మోనియం ఎక్కువగా ఉన్న ఎరువులు కుండీల్లో వాడకపోవడం మేలు. చల్లటి మట్టిలో అమ్మోనియం నైట్రేట్‌గా మారడం మందగించి, పేరుకున్న అమ్మోనియం వేళ్లకు హాని చేస్తుంది.

4. కొలత లెక్క

‘ఒక చెంచా వేయండి’ అన్న సలహాతోనే ఎక్కువ మొక్కలు మాడిపోతున్నాయి. చెంచా పరిమాణం ఇంటింటికీ మారుతుంది, పొడి బరువు ఎరువు ఎరువుకూ మారుతుంది. గ్రాముల్లో తూచే చిన్న త్రాసు ఉంటే సగం సమస్యలు రావు.

లెక్క సులువే. లీటరు నీటికి 1 గ్రాము ఎరువు కలిపితే, సంచి మీది మొదటి అంకెను 10తో గుణించండి. లీటరులో అన్ని మిల్లీగ్రాముల నత్రజని ఉన్నట్టు. 20:20:20 అయితే 200, 15:5:15 అయితే 150.

చిన్న మోతాదు తూచడం కష్టమైతే 10 గ్రాముల ఎరువును లీటరు నీటిలో కరిగించండి. అందులో ప్రతి 100 మిల్లీలీటర్లలో 1 గ్రాము ఎరువు ఉంటుంది. కావలసినంత కొలిచి, మిగతా నీరు కలుపుకోవచ్చు. ఈ ద్రావణాన్ని రోజుల తరబడి నిల్వ ఉంచకుండా వెంటనే వాడేయండి.

కాల్షియం నైట్రేట్‌ను మాత్రం ఈ చిక్కటి ద్రావణంలో కలపవద్దు. భాస్వరంతోనూ సల్ఫేట్లతోనూ కలిస్తే తెల్లటి మడ్డిగా అడుగుకు దిగిపోతుంది. అలా దిగింది మొక్కకు అందదు. దాన్ని వేరే రోజు, విడిగా పోయండి.

5. ఏ దశలో ఎంత

కింది మోతాదులు 20:20:20 లేదా 19:19:19ను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

నారు దశ: పెటూనియా విత్తనం ధూళిలా ఉంటుంది, గ్రాముకు దాదాపు పది వేలు తూగుతాయి. అంత చిన్న గింజలో నిల్వ ఆహారం దాదాపు ఉండదు. మొలక ఆకుల తరువాత వచ్చే రెండు అసలు ఆకులు విచ్చుకోగానే లీటరుకు పావు గ్రాము చొప్పున వారానికోసారి మొదలుపెట్టండి. నాలుగైదు ఆకులు వచ్చాక అర గ్రాముకు పెంచండి.

నాటిన తొలి రోజులు: మొదటి వారం, పది రోజులు మంచినీరే. వేళ్లు కొత్త మట్టిలోకి పాకి, కొత్త చిగురు కదిలిందంటే ఎరువుకు సిద్ధమైనట్టు.

కుండీలో ఎదిగిన మొక్క: లీటరుకు 1 గ్రాము, వారానికోసారి. అడుగున పూత గుళికలు వేసి ఉంటే అర గ్రాము చాలు.

వేలాడే కుండీ: ఎండాకాలంలో వీటికి రోజూ నీరు పోయక తప్పదు. పోసిన ప్రతిసారీ కొంత పోషకం రంధ్రాల గుండా కారిపోతుంది. అందుకే ఇవి అన్నిటికన్నా ఆకలిగొట్టు కుండీలు. లీటరుకు 1 గ్రాము చొప్పున నాలుగైదు రోజులకోసారి, లేదా అర గ్రాము చొప్పున ప్రతి తడిలోనూ ఇవ్వండి. ప్రతి తడిలోనూ ఇచ్చేవారు వారంలో ఒకరోజు మంచినీరే పోయాలి.

నేల మడి: మట్టిలో 5 సెంటీమీటర్ల మందాన మాగిన కంపోస్టు పరిచి కలియబెట్టి నాటండి. తరువాత ద్రవ ఎరువు రెండు మూడు వారాలకోసారి సరిపోతుంది. నేలంతా పాకే రకాలు మాత్రం ఎక్కువ తింటాయి, వాటికి వారం పది రోజులకోసారి ఇవ్వాలి. మట్టి పరీక్షలో భాస్వరం ఇప్పటికే ఎక్కువగా ఉందని తేలితే నత్రజని, పొటాష్ మాత్రమే ఉన్న ఎరువు ఎంచుకోండి.

6. పోసే క్రమం

1) ఉదయం పూటే పెట్టుకోండి. ఎండకు వడలిన మొక్కకు ఎరువు నీళ్లు పోయవద్దు. ముందు మంచినీరు పోసి, ఆకులు నిక్కబొడుచుకున్నాక, మరుసటి ఉదయం పోయవచ్చు.

2) మట్టి పదునుగా ఉందో లేదో వేలు గుచ్చి చూడండి. ఎండిపోయి ఉంటే ముందు మామూలు తడి ఇచ్చి అరగంట ఆగండి. ఎండిన మట్టిలో ఎరువు ద్రావణం వేళ్లను నేరుగా మాడుస్తుంది.

3) ఎరువును ముందు కొద్ది నీటిలో పూర్తిగా కరిగించి, తరువాత మిగతా నీరు చేర్చండి. అడుగున పలుకులు మిగలకూడదు.

4) ఆకుల మీద పడకుండా మొదలు చుట్టూ, కుండీ అంచు దాకా సమంగా పోయండి. పెటూనియా ఆకులు జిగటగా ఉంటాయి. వాటి మీద పడ్డ ద్రావణం అంత తేలికగా జారిపోదు, ఆరాక మచ్చలు మిగులుతాయి. పడితే మంచినీటితో కడగండి.

5) పోసిన దానిలో దాదాపు పదో వంతు అడుగు నుంచి బయటకు రావాలి. దీనివల్ల పాత లవణాలు పోతాయి. కింద పళ్లెం ఉంటే ఆ నీటిని పారబోయండి.

6) తేదీ రాసుకోండి. ‘ఈ వారం పోశానా, లేదా?’ అన్న సందేహంతో రెండోసారి పోసేవారు చాలామంది.

7. ఆకు పసుపు రంగుకు తిరిగితే: ముందు ఏ ఆకో చూడండి

పసుపు ఆకు కనబడగానే ఎరువు పెంచడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పసుపు ఎక్కడ మొదలైందో మొక్కే చెబుతుంది. కొమ్మ కొసన ఉన్న లేత ఆకునూ అదే కొమ్మ అడుగున ఉన్న ముదురు ఆకునూ పక్కపక్కన పెట్టి చూడండి.

అడుగు ఆకులు ఈనెలతో సహా ఒకే తీరుగా పసుపు పచ్చగా మారి, మొక్కంతా పాలిపోయి, ఎదుగుదల ఆగితే అది నత్రజని లోపం. దీనికి మాత్రం ఎరువు పెంచడమే మందు. రెండు వారాల పాటు ఐదు రోజులకోసారి మామూలు మోతాదు ఇవ్వండి.

అడుగు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం లోపం. లీటరుకు 1 గ్రాము మెగ్నీషియం సల్ఫేట్ ఒకసారి పోసి, రెండు వారాలు గమనించండి. అడుగు ఆకుల అంచులు గోధుమ రంగులో మాడితే పొటాష్ లోపమైనా కావచ్చు, లవణాలు పేరుకున్నా కావచ్చు. ముందు తరువాతి విభాగం చదవండి.

లేత చిగురాకుల్లో ఈనెలు పచ్చటి గీతల్లా మిగిలి, మధ్యలో ఆకు నిమ్మపండు రంగుకు తిరిగి, ముదిరేకొద్దీ దాదాపు తెల్లబడితే అది ఇనుము లోపం. పెటూనియాలో ఎక్కువగా కనిపించేది ఇదే. మట్టిలో ఇనుము లేక ఇలా అయ్యేది అరుదు. పీహెచ్ పెరగడం వల్ల ఉన్న ఇనుము కరగని రూపంలోకి మారుతుంది. కఠిన జలం పోస్తూ ఉంటే అందులోని బైకార్బొనేట్ వారం వారం పీహెచ్‌ను పైకి నెడుతూ ఉంటుంది. మొదటి నెల బాగున్న కుండీ రెండో నెలలో పాలిపోవడానికి తరచుగా ఇదే కారణం.

పీహెచ్ కొలిచే తీరు: కుండీకి మామూలుగా నీరు పోసి, గంట ఆగండి. తరువాత మట్టి మీద వంద మిల్లీలీటర్ల దాకా డిస్టిల్డ్ వాటర్ నెమ్మదిగా పోసి, అడుగు నుంచి కారిన నీటిని గిన్నెలో పట్టండి. ఆ నీటిలో పీహెచ్ మీటర్ గానీ కాగితపు పట్టీ గానీ ముంచండి. 6.5 దాటితే సంగతి తేలినట్టే.

సరిచేసే క్రమం:

- తక్షణ ఉపశమనానికి చీలేటెడ్ ఇనుము, అంటే మట్టిలో కరిగే రూపంలోనే నిలిచేలా వేరే పదార్థంతో బంధించిన ఇనుము. ఆ పదార్థాన్ని బట్టి దీనిలో రకాలున్నాయి. ఈడీడీహెచ్‌ఏ రకం పీహెచ్ ఎక్కువగా ఉన్న మట్టిలోనూ పనిచేస్తుంది. డీటీపీఏ దాదాపు 7 దాకా, ఈడీటీఏ దాదాపు 6.5 దాకా పనికొస్తాయి. 6 శాతం ఇనుము ఉన్న ఈడీడీహెచ్‌ఏ అయితే లీటరుకు 0.3 నుంచి 0.4 గ్రాములు కలిపి మట్టికి పోయండి. ఆకుల మీద, పూల మీద పడ్డదాన్ని వెంటనే కడిగేయండి, లేకపోతే నల్లటి మచ్చలు పడతాయి.
- అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) చవకే గానీ, పీహెచ్ ఎక్కువగా ఉన్న మట్టిలో కొద్ది కాలానికే పనికిరాని రూపంలోకి మారుతుంది. నేను దాన్ని కుండీలకు సూచించను.
- శాశ్వత పరిష్కారం నీటిని సరిచేయడం. వాన నీరు దొరికితే అదే వాడండి. లేదంటే నీటిలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) చిటికెడు చొప్పున కలుపుతూ, కలిపిన ప్రతిసారీ పట్టీతో కొలుస్తూ, పీహెచ్ 6 దగ్గరకు తీసుకురండి. నీటిని బట్టి మోతాదు మారుతుంది కాబట్టి కొలవకుండా కలపవద్దు.

ఒకటి రెండు వారాల్లో కొత్త చిగురు పచ్చగా వస్తే వైద్యం ఫలించినట్టు. అంతకు ముందే తెల్లబడ్డ ఆకులు పూర్తిగా కోలుకోకపోవచ్చు. వాటిని చూసి రెండో మోతాదు పోయవద్దు, కొత్త ఆకునే చూడండి.

8. ఎరువు ఎక్కువైతే

మట్టి పైన, కుండీ అంచున తెల్లటి పొర, కొసలు మాడిన ఆకులు, తడి ఉన్నా వడలిపోయే మొక్క. ఈ మూడూ కలిస్తే లవణాలు పేరుకున్నాయన్నమాట.

పైన కట్టిన పొరను గరిటెతో గీకి తీసేయండి. తరువాత కుండీ పరిమాణానికి రెండు మూడు రెట్ల మంచినీటిని మెల్లగా, విడతలుగా పోయండి. పది లీటర్ల కుండీకి ఇరవై లీటర్ల పైనే పడుతుంది. నీరంతా బయటకు పోవాలి. రెండు వారాలు ఎరువు ఆపి, కొత్త చిగురు వచ్చాక సగం మోతాదుతో మొదలుపెట్టండి.

మొక్క ముదురు ఆకుపచ్చగా, దట్టంగా, పెద్ద ఆకులతో ఉండి పూలు మాత్రం లేకపోతే అది నత్రజని ఎక్కువైన లక్షణం. ఎండ కూడా సరిపడా ఉంటే, రెండు వారాలు మంచినీరు మాత్రమే ఇచ్చి చూడండి.

9. కత్తిరింపు, ఆ వెంట ఎరువు

కాడలు సాగి మధ్య భాగం బోడిగా మారిన మొక్కను ఏ ఎరువూ తిరిగి గుబురుగా చేయలేదు. కొమ్మలను మూడో వంతు నుంచి సగం దాకా కత్తిరించాల్సిందే. పూలున్న కొమ్మను కోయడానికి చేతులు రాకపోతే ఈ వారం సగం కొమ్మలు, వచ్చే వారం మిగతావి కోయండి. ప్రతి కొమ్మ మీద కొన్ని ఆకులు మిగిలేలా, కణుపు పైన కోయాలి.

కోసిన రోజునే మామూలు మోతాదు ఎరువు ఇవ్వండి. రెట్టింపు వద్దు, ఆకులు తగ్గిన మొక్క నీటినీ తక్కువే తీసుకుంటుంది. రెండు మూడు వారాల్లో కొత్త కొమ్మలు మొగ్గ తొడుగుతాయి.

పెద్ద పూల రకాల్లో వాడిన పూలు తుంచడం తప్పనిసరి. రేకులు లాగేస్తే సరిపోదు. రేకుల వెనుక, పచ్చటి తొడిమ పట్టులో చిన్న కోలటి కాయ ఉంటుంది. దాన్ని వేళ్లతో తడిమి, కాడతో సహా గిల్లేయాలి. కాయ మిగిలితే మొక్క మీరిచ్చిన పోషకాలను గింజకు మళ్లిస్తుంది. నేలంతా పాకే సంకర రకాల్లో చాలావాటికి ఈ పని అక్కరలేదు.

10. సేంద్రియ ఎరువులతోనే పెంచాలనుకుంటే

సాధ్యమే, కాని ఓపిక కావాలి. కంపోస్టు, వర్మీకంపోస్టు, నూనె గింజల చెక్కలు మట్టిలోని సూక్ష్మజీవులు విడగొట్టాకే మొక్కకు అందుతాయి. చలిలో ఈ పని బాగా నెమ్మదిస్తుంది. కాబట్టి మొక్క పాలిపోయాక వేస్తే ఆలస్యమైనట్టే. నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు పైపాటుగా వేసి మట్టిలో కలపండి. మధ్యలో వారానికోసారి చేపల ద్రవ ఎరువు డబ్బా మీది మోతాదులో పోయండి. సముద్రపు నాచు ద్రావణంలో నత్రజని చాలా తక్కువ. దాన్ని తోడుగా వాడవచ్చు, దాని మీదే ఆధారపడితే వేలాడే కుండీ ఆకలితో మాడుతుంది.

పచ్చి పేడ, మాగని చెక్కపిండి కుండీలో వేయవద్దు. మురిగేటప్పుడు వెలువడే వేడి, అమ్మోనియా వేళ్లను చంపుతాయి.

11. వారానికోసారి చూసుకోవలసినవి

- కొసన ఉన్న లేత ఆకు రంగు
- కుండీ అంచున తెల్లటి పొర
- అడుగు నుంచి నీరు కారుతోందా
- చివరిసారి ఎరువు పోసిన తేదీ
- మొగ్గలకు రంధ్రాలు, ఆకుల అడుగున పేనుబంక

మొక్క కాలం ముగింపుకు వచ్చి, కొత్త చిగురు తగ్గి, కాడలు కర్రబారుతుంటే ఎరువును నెమ్మదిగా తగ్గించి ఆపేయండి. మిగిలిన పొడిని గాలి చొరని డబ్బాలో, తేమ తగలకుండా, పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందని చోట, పేరూ అంకెలూ రాసి దాచండి. నీటిలో కరిగే ఎరువు గడ్డకట్టినా చాలావరకు పాడైనట్టు కాదు. పొడిచేసి, మళ్లీ తూచి వాడుకోవచ్చు. పూత గుళికలు మాత్రం తడిసి పగిలితే కుండీలో వేయవద్దు. అవి నెలల పాటు ఇవ్వాల్సిన ఎరువునంతా ఒక్కసారిగా వదిలేస్తాయి.